వాడిన అమ్మకపు యంత్రము: కొనుగోలు, మరమ్మతు

సహకార సంఘములకు సరకుల దుకాణము క్రొత్త విషయము కాదు. ఎరువులు, విత్తనములు, నిత్యావసర వస్తువులు సభ్యులకు సమకూర్చుట మన సంఘములు చిరకాలముగా చేయుచున్న పనియే. అయితే దుకాణము తెరచియుంచుటకు మనిషి కావలెను, అతనికి జీతమీయవలెను, ప్రొద్దుగ్రుంకిన పిమ్మట తలుపులు మూయవలెను. తెల్లవారుజామున ధాన్యపు ట్రాక్టరుతో మార్కెటు యార్డునకు వచ్చిన రైతునకును, తూకము కొఱకు గంటల తరబడి కాచుకొనియున్న కూలివానికిని, రాత్రి బస్సు దిగిన ప్రయాణికునకును ఆ వేళలో చల్లని నీటిసీసా యైనను దొరకదు. ఇట్టి తావులలో మనిషి లేకయే సరకు నమ్మెడి యంత్రమును పెట్టినచో బాగుండునని కొన్ని సంఘముల సభ్యులు తలంచుచున్నారు. దీనినే జనులు వెండింగు మెషీను అని పిలుచుచున్నారు.

క్రొత్త యంత్రము ధర లక్ష రూపాయలకు పైబడియుండును. అందుచేత పట్టణములలో కార్యాలయములు, ఆసుపత్రులు, కర్మాగారములు తీసివేసిన పాత యంత్రములమీదికి చూపు పోవుట సహజము. పాతది కొనుట తప్పు కాదు. కాని కాడికి కట్టి నాలుగు చాళ్లు దున్నించి చూడక యే రైతును ఎద్దునకు బయానా ఇయ్యడు. యంత్రము విషయమునను అట్టి జాగ్రత్తయే కావలెను. సంఘపు ధనము ఒక్కని సొమ్ము కాదు, వాటాదారులందఱి చెమట. కావున ఈ యంత్రము పని యెట్టిది, కొనునప్పుడు ఏమేమి చూడవలెను, చెడినప్పుడు ఏ వరుసను బాగుచేయవలెను అను సంగతులను ఇచట వివరింతుము.

పూర్వోత్తరము

నాణెము వేసిన సరకు నిచ్చు యంత్రము మిక్కిలి పురాతనమైనది. క్రీస్తుశకము మొదటి శతాబ్దమున అలెగ్జాండ్రియా నగరమున నున్న హీరో అను శాస్త్రజ్ఞుడు దేవాలయమునందు తీర్థజలము నిచ్చు పెట్టెనొకదానిని వర్ణించి యున్నాడు. నాణెము ఒక తులాదండము చివర నున్న పళ్లెరములో పడగానే ఆ బరువునకు దండము వంగి నీటి మూత తెరచుకొనును. నాణెము జారిపోగానే మూత పడిపోవును. 1883 లో లండను నగరమున పెర్సివల్ ఎవరిట్ అను నతడు పోస్టుకార్డులను అమ్ము యంత్రమును నిర్మించెను. 1888 లో న్యూయార్కు నగరపు రైలు వేదికలమీద థామస్ ఆడమ్స్ కంపెనీవారు బంక మిఠాయిని యంత్రముల ద్వారా అమ్మిరి. మన దేశమున రైల్వే స్టేషనులలో నాణెము వేసిన బరువు చీటీ నిచ్చు యంత్రమును ఎఱుగని పెద్దలు అరుదు.

సహకారులకు మఱింత దగ్గఱి ఉదాహరణము మఱొకటి గలదు. 1974 లో జాతీయ పాడిపరిశ్రమాభివృద్ధి మండలివారు ఢిల్లీలో నెలకొల్పిన మదర్ డెయిరీ సంస్థ, టోకెను వేసిన కొలత ప్రకారము పాలు పోయు యంత్రములను నగరపు బూతులలో నిలిపినది. పల్లెలలోని రైతుల పాలు పట్టణవాసి గిన్నెలోనికి సీసా ఖర్చు లేకుండ చేరుటకు ఈ యేర్పాటు తోడ్పడెను. నేడు జర్మనీ దేశమున పలువురు రైతులు తమ పొలము వాకిటనే గ్రుడ్లు, బంగాళాదుంపలు, పాలు అమ్ము యంత్రములను పెట్టుకొనియున్నారు. జపానులోను పొలములచెంత గ్రుడ్ల పెట్టెలు గలవు. కాబట్టి ఈ యంత్రము పట్టణపు విలాసవస్తువు మాత్రమే కాదు. తెలివితో వాడుకొన్నచో రైతు సరకునకు ఒక చిన్న అంగడి.

లోపలి నిర్మాణము

చిరుతిండి పొట్లములను, చల్లని పానీయములను ఒకే పెట్టెలో ఉంచి అమ్మెడి దానిని ఉమ్మడి యంత్రము లేక కాంబినేషను యంత్రమందురు. సాధారణముగా పై అరలలో పొట్లములును, క్రింది అరలలో సీసాలు, డబ్బాలును ఉండును. కొన్నింట పెట్టె యంతయు చల్లబడును. కొన్నింట నడుమ వేడిని ఆపు పలక యుండి క్రింది భాగము మాత్రమే చల్లబడును. ఈ భేదమును కొనునప్పుడే తెలిసికొనవలెను. ఏలయన, మిక్కిలి చల్లని అరలో చాక్లెట్టు నిలుచును గాని, ఎండ వేళ పై అర వెచ్చబడు యంత్రములో నిలువదు.

ఒక్కొక్క అరలో పొడవైన తీగచుట్టలు వరుసగా నుండును. చుట్ట యొక్క మెలికల నడుమ పొట్లములను ఒకటొకటిగా నిలుపుదురు. చుట్ట వెనుక చిన్న మోటారు కలదు. కొనువాడు మీట నొక్కగానే ఆ మోటారు చుట్టను సరిగా ఒక్క చుట్టు త్రిప్పును. ముందున్న పొట్లము క్రింది తొట్టిలో పడును. ఒక్క చుట్టు పూర్తియైనదని తెలుపుటకు మోటారునందు ఒక చిన్న స్విచ్చి యుండును. తొట్టి పైని కంటికి కనబడని కిరణముల తెర కొన్ని యంత్రములందు గలదు. పొట్లము ఆ కిరణములను దాటి పడినచో అమ్మకము జరిగినట్లు. పడనిచో యంత్రము చుట్టను మఱి కొంచెము త్రిప్పును, అప్పటికిని పడకున్న డబ్బును తిరిగి యిచ్చును.

చల్లబఱచు భాగము ఇంటిలోని ఫ్రిజ్ వంటిదే. కంప్రెసరు గ్యాసును అదిమి పంపును. వెలుపలి రేకుల గొట్టములలో ఆ గ్యాసు వేడిని విడిచి ద్రవమగును. లోపలి గొట్టములలో మరల ఆవిరియై పెట్టెలోని వేడిని గ్రహించును. చాల యంత్రములందు ఈ భాగమంతయు ఒకే చట్రముమీద నుండి, సొరుగువలె వెలుపలికి లాగుటకు వీలగును. ఇట్టిది బాగుచేయుట సులభము.

వీటన్నిటికిని పైన బోర్డు కలదు. డబ్బు వచ్చినదా, ఏ మీట నొక్కబడినది, ఏ మోటారు తిరుగవలెను, చల్లదనమెంత యున్నది అను నిర్ణయములన్నియు దానివే. నాణెముల పెట్టెను, నోట్ల పెట్టెను, చెల్లింపు పరికరమును ఈ బోర్డునకు కలుపుటకు ఎమ్.డి.బి. అను ఒక పద్ధతి గలదు. ఈ పద్ధతి నెఱిగిన యంత్రమునకు వేఱు కంపెనీ చేసిన చెల్లింపు పరికరమును కూడ తగిలింపవచ్చును. మిక్కిలి పాత యంత్రములకు ఈ సదుపాయ ముండదు. కొనుటకు ముందు అడుగవలసిన మొదటి ప్రశ్న ఇదియే.

లెక్క ముందు, కోరిక తరువాత

యంత్రమును చూచుటకు ముందు కాగితముమీద లెక్క వేయవలెను. ఈ క్రింది అంకెలు కేవలము ఉదాహరణములు. ప్రతి సంఘమును తన ఊరి ధరలను వేసికొనవలెను.

పాత యంత్రము 60,000 రూపాయలు, రవాణా 6,000, మరమ్మతు 14,000, చెల్లింపు పరికరము 10,000, వెరసి 90,000 రూపాయలు అనుకొందము. ఒక్కొక్క వస్తువుమీద మిగులు 4 రూపాయలు. దినమునకు కరెంటు 80 రూపాయలు, సరకు నింపువాని కూలి 50, చెడిపోయిన సరకు, చెల్లింపు సేవ రుసుము కలిసి 30, వెరసి దినవ్యయము 160 రూపాయలు.

దినమునకు 40 వస్తువులు అమ్మినచో వచ్చునది 160, పోవునది 160, సంఘమునకు మిగులునది శూన్యము. 60 వస్తువులు అమ్మినచో దినమునకు 80 రూపాయలు మిగిలి, పెట్టుబడి తిరిగి వచ్చుటకు 1,125 దినములు, అనగా మూడేండ్లకు పైగా పట్టును. 100 వస్తువులు అమ్మినచో దినమునకు 240 మిగిలి 375 దినములలో పెట్టుబడి చేతికి వచ్చును. యంత్రమొక్కటియే, వ్యయమొక్కటియే, స్థలము మాత్రమే వేఱు. జనులు వచ్చు చోట అది లాభము, రాని చోట కొండను త్రవ్వి ఎలుకను పట్టినట్లు.

కావున యంత్రమును నిలుప దలచిన చోట ఒక వారము దినములు మనిషిని కూర్చుండబెట్టి, ఏ వేళ ఎందఱు వచ్చుచున్నారో, సమీపమున కిళ్లీ కొట్టు ఎంతవఱకు తెరచియుండునో వ్రాయించవలెను. పంటల కాలమున కిటకిటలాడు యార్డు తక్కిన నెలలలో నిర్మానుష్యముగా నుండును. అప్పుడు కూడ పెట్టె చల్లగా నుండుటకు కరెంటు ఖర్చగుచునే యుండునని మఱువరాదు.

కొనుటకు ముందు పరీక్ష

మొదట వెనుకనో, తలుపు లోపలనో అంటించియున్న పలకను చదువవలెను. అందు కంపెనీ పేరు, నమూనా, వరుస సంఖ్య, వోల్టేజి, పౌనఃపున్యము, గ్యాసు పేరు, దాని తూకము వ్రాసియుండును. పలక లేని యంత్రమును కొనకుండుటయే మేలు. దానికి సరియైన విడిభాగము తెప్పించుట కష్టము.

గ్యాసు పేరు ముఖ్యము. ఆర్-12 అని యున్నచో ఆ యంత్రమును వదలివేయవలెను. ఆకాశమునందలి ఓజోను పొరను చెఱచు ఆ గ్యాసును 1987 నాటి మాంట్రియలు ఒడంబడిక ననుసరించి మన దేశము 2010 నాటికి నిలిపివేసినది. ఆర్-134ఎ అని యున్నచో మన పట్టణములలోని ఫ్రిజ్ మరమ్మతుదారులు పలువురు దానిని ఎఱుగుదురు. ఆర్-290 అని యున్నచో అది ప్రొపేను, వంటగ్యాసువలె మండునది. యంత్రము మంచిదే కావచ్చును. కాని దానిని విప్పి అతుకువాడు ఆ పనియందు తర్ఫీదు పొందినవాడై యుండవలెను.

తరువాత తాళములు. తలుపు తాళము, డబ్బు పెట్టె తాళము రెండింటి చెవులును ఉన్నవా? చెవి లేని తాళమును తొలిచి తీయవలసి వచ్చును. తలుపు అంచునగల రబ్బరు పట్టీని వ్రేలితో తడిమి, చిరిగినదేమో, గట్టిపడినదేమో చూడవలెను. ఒక కాగితపు ముక్కను తలుపు సందున పెట్టి మూసి లాగినప్పుడు అది బిగువుగా రావలెను. జాఱిపోయినచో ఆ సందున చల్లదనము పోవుచున్నదని అర్థము. అడుగు రేకును, కాళ్లను, కంప్రెసరు క్రింది చట్రమును దీపము వెలుతురున చూచి త్రుప్పు లోతెంతో తెలిసికొనవలెను. పై త్రుప్పు గీకిన పోవును. చట్రము తిన్న త్రుప్పు పోదు.

ఇక నడిపించి చూడవలెను. అమ్మువాడు అయిదు నిమిషములు దీపము వెలిగించి చూపుట పరీక్ష కాదు. యంత్రమును ముందటి రాత్రియే నడిపింపవలసినదిగా కోరి, మరునాడు ఉదయము మన ఉష్ణమాపకమును లోపల పెట్టి చూడవలెను. చల్లని అర 5 డిగ్రీల సెంటీగ్రేడునకు మించక యుండవలెను. అది వీలు కానిచో మనయెదుట వెచ్చగా నున్న యంత్రమును నడిపించి కొన్ని గంటలు కూర్చుండవలెను. కంప్రెసరు మ్రోగి, టక్కుమని ఆగి, మరల మ్రోగి ఆగుచున్నచో అది రోగలక్షణము.

తరువాత ప్రతి మీటను నొక్కవలెను. నలుబది చుట్టలున్నచో నలుబదిని పరీక్షింపవలెను. పదింటిని చూచి తక్కినవి బాగుగనే యుండునని యూహింపరాదు. కొన్ని పొట్లములను వెంట తీసికొనిపోయి, అవి చుట్టలో ఇముడునో లేదో, పడునప్పుడు చిక్కుకొనునో లేదో చూడవలెను. అద్దముమీది అంకెల పలకలో దోషసంఖ్యలు కనబడినచో వ్రాసికొనవలెను. నడుపు విధానపు పుస్తకము ఉన్నదేమో అడుగవలెను. ఆ పుస్తకము లేనిచో దోషసంఖ్యకు అర్థమే తెలియదు.

ఈ పరీక్ష ఫలితములనన్నిటిని ఒక కాగితముమీద వ్రాసి, అమ్మువానిచేత సంతకము చేయించి, పాలకవర్గము యెదుట పెట్టిన పిమ్మటనే సొమ్ము చెల్లింపవలెను. రసీదులో యంత్రపు వరుస సంఖ్య తప్పక ఉండవలెను. అద్దెకు తెచ్చిన యంత్రమును తనదని అమ్మువారుందురు. కావున అతనికి అది యెట్లు వచ్చినదో తెలుపు కాగితమును కూడ అడుగుట ధర్మము.

విద్యుత్తు సంగతి

విదేశములనుండి వచ్చిన పాత యంత్రములు తఱచు చవకగా దొరకును. అమెరికా యంత్రము 115 వోల్టుల, 60 హెర్ట్జుల విద్యుత్తుతో నడచును. మన దేశపు విద్యుత్తు 230 వోల్టులు, 50 హెర్ట్జులు. ట్రాన్సుఫార్మరు పెట్టినచో వోల్టేజి తగ్గునే గాని హెర్ట్జులు మాఱవు. 60 హెర్ట్జులకే చేయబడిన కంప్రెసరు, పంకా మన విద్యుత్తుమీద ఆఱవ వంతు మందముగా తిరుగును, ఎక్కువ వేడెక్కును. పలకమీద 50 హెర్ట్జులు కూడ సరిపోవునని వ్రాసియున్నదా లేదా అని చూచి కాని కొనరాదు. చవకగా వచ్చినదని కొని, కంప్రెసరు మార్పించి, ట్రాన్సుఫార్మరు కొని, పెద్ద స్టెబిలైజరు పెట్టినచో ఆ చవకతనము అంతలోనే మాయమగును.

పల్లెలలో వోల్టేజి ఎగుడుదిగుడుగా నుండును. కరెంటు పోవుచు వచ్చుచుండును. కంప్రెసరు ఆగిన వెంటనే మరల నడిపించినచో లోపలి ఒత్తిడి సమము కాక అది కదలలేక వేడెక్కును. కావున కరెంటు వచ్చిన పిమ్మట మూడు మొదలు అయిదు నిమిషములు ఆగి నడిపించు స్టెబిలైజరును వాడవలెను.

అన్నిటికన్న ముఖ్యమైనది ఎర్తు. ఈ యంత్రము ఇనుప పెట్టె. దానిని తాకువారిలో చెప్పులు లేనివారు, తడిచేతులవారు, చిన్న పిల్లలు ఉందురు. మూడు కాళ్ల ప్లగ్గు, సరియైన ఎర్తు, ముప్పది మిల్లీఆంపియర్ల లీకునకు కరెంటును కోయు స్విచ్చి లేకుండ యంత్రమును జనుల యెదుట పెట్టరాదు. ఈ ఖర్చును మిగుల్చుకొనుట ప్రాణముతో జూదమాడుటయే.

తెచ్చుట, నిలుపుట

పెద్ద యంత్రములు సుమారు 300 కిలోలు తూగును. లారీలోనికి ఎక్కించుటకు ముందే సంఘపు గది ద్వారపు వెడల్పును, ఎత్తును కొలిచి యుంచవలెను. యంత్రమును నిలువుగానే కట్టి తేవలెను. పడుకోబెట్టినచో కంప్రెసరులోని నూనె గొట్టములలోనికి పోవును. విధిలేక పడుకోబెట్టినచో, నిలబెట్టిన పిమ్మట ఒక దినము ఆగి కాని స్విచ్చి వేయరాదు.

నేల సమముగా, గట్టిగా నుండవలెను. యంత్రము ప్రక్కకు వాలియున్నచో పొట్లములు సరిగా పడవు. తలుపు సరిగా మూసికొనదు. వెనుక గోడకును యంత్రమునకును నడుమ జానెడైన ఖాళీ యుండవలెను. వేడిగాలి పోవుటకు త్రోవ లేనిచో కంప్రెసరు విశ్రాంతి లేక తిరుగును. ఎండ తగులని, వాన జల్లు రాని నీడ కావలెను. యంత్రమును గోడకు బిగించుట మఱువరాదు. చిక్కుకొన్న సీసా కొఱకు యంత్రమును కుదిపి తమమీద పడవేసికొని మరణించినవారు అమెరికాలో కలరు. అందుచేతనే అచటి యంత్రములకు కుదుపరాదను హెచ్చరిక చీటీలను అంటించుచున్నారు.

మరమ్మతు వరుస

యంత్రము చెడినప్పుడు విడిభాగము కొనుటకు పరుగెత్తరాదు. మొదట శుభ్రము, తరువాత విద్యుత్తు, తరువాత కలుపులు, చివరకు విడిభాగము. ఈ వరుస తప్పినవాడు మంచి భాగమును పాఱవేసి చెడ్డ భాగమును అట్లే యుంచును. ఏ పని చేయుటకైనను ముందు ప్లగ్గును గోడనుండి తీసివేయవలెను.

చల్లదనము తగ్గినచో మొదట వెలుపలి రేకుల గొట్టములను చూడవలెను. మన ఊళ్ల దుమ్ము, ధాన్యపు నూగు వాటిని కంబళివలె కప్పియుండును. మెత్తని కుంచెతో, గాలి యంత్రముతో రేకులు వంగకుండ తుడిచినచో చాల సందర్భములలో రోగము నయమగును. నెలకొక పర్యాయము ఇట్లు తుడుచుటకు ఒకనిని నియమింపవలెను. తరువాత పంకాలు తిరుగుచున్నవో లేదో చూడవలెను. లోపలి గొట్టములమీద మంచు గడ్డకట్టియున్నచో తలుపు సందున తేమగాలి వచ్చుచుండవచ్చును; యంత్రమును ఆపి, మంచును తానుగా కరగనిచ్చి, రబ్బరు పట్టీని బాగుచేయవలెను. కత్తితో మంచును పొడిచినచో గొట్టము చిల్లి పడి పెద్ద ఖర్చు వచ్చును.

కంప్రెసరు మ్రోగి ఆగుచున్నచో దానిని నడిపించు చిన్న రిలేనో కెపాసిటరునో చెడియుండవచ్చును. ఇవి తక్కువ ఖర్చుతో పోవునవి. కాని కెపాసిటరు ప్లగ్గు తీసిన తరువాత కూడ విద్యుత్తును నిలువ యుంచుకొనును, తెలియనివారు తాకరాదు. గ్యాసు తగ్గినదని చెప్పి నింపిపోవు మరమ్మతుదారుని ఒక ప్రశ్న అడుగవలెను: గ్యాసు ఎందుండి పోయినది? మూసిన గొట్టములలోని గ్యాసు వాడుక వలన తఱుగదు. చిల్లి యున్ననే పోవును. నూనె జిడ్డు కనబడిన అతుకు చిల్లికి గుర్తు. చిల్లిని అతికి, వడపోత గొట్టమును మార్చి, లోపలి గాలిని పూర్తిగా తీసి, పలకమీది తూకము ప్రకారము గ్యాసు నింపుటయే సరియైన పని. తక్కినది చిల్లికుండలో నీరు పోయుట.

ఒక చుట్ట తిరుగనిచో సులభమైన పరీక్ష కలదు. దాని మోటారు తీగను ప్రక్క చుట్ట మోటారుకు, ప్రక్క తీగను దీనికి మార్చి తగిలింపవలెను. మోటారు చెడినదైనచో, ఏ తీగ తగిలించినను ఆ చుట్ట తిరుగదు. అది తిరిగి, ప్రక్క చుట్ట తిరుగుట మానినచో, దోషము తీగలోనో బోర్డులోనో యున్నది. ఈ ఒక్క పరీక్ష వలన వృథాగా కొనెడి మోటార్ల ఖర్చు తప్పును. చుట్ట తిరిగియు పొట్లము పడనిచో మోటారు దోషము కాదు. పొట్లమునకు చుట్ట మెలికల ఎడము సరిపోలేదన్నమాట. ఎడము వేఱుగా నున్న చుట్టను పెట్టుటయో, పొట్లపు పరిమాణమును మార్చుటయో చేయవలెను. సరకు పడినను డబ్బు తిరిగి వచ్చుచున్నచో తొట్టి పైని కిరణముల కండ్లను మెత్తని పొడిగుడ్డతో తుడువవలెను.

నాణెముల పెట్టెలో నూనె ఎన్నడును పోయరాదు. నూనెకు దుమ్ము అంటుకొని నాణెము జారుటకు బదులు నిలిచిపోవును. తడి పిండిన గుడ్డతో తుడిచి ఆరనీయవలెను. ఫ్యూజు కాలినచో అదే కొలత ఫ్యూజును వేయవలెను. తీగముక్కను చుట్టుట ఇంటికి నిప్పు పెట్టుకొనుటయే. యంత్రము ధరలను మఱచిపోవుచున్నచో బోర్డుమీది చిన్న బ్యాటరీ అయిపోయినదని తెలియవలెను. అది కాఱి బోర్డును తినుటకు ముందే మార్చవలెను. ఎలుకలు, బొద్దింకలు దూరు రంధ్రములను ఇనుప జల్లెడతో మూయవలెను. తీపి సరకున్న పెట్టెకు చీమలు త్రోవ వెదకుకొనుచు వచ్చును.

డబ్బు వచ్చు దారి

విదేశపు నాణెముల పెట్టె మన నాణెమును గుర్తింపదు. నాణెపు కొలతను, లోహమును విద్యుత్తు తీగచుట్టలతో పరీక్షించి అది నిర్ణయించును. మన నాణెముల లక్షణములు దానికి నేర్పబడవలెను. మన దేశమున పది రూపాయల నాణెములే అనేక నమూనాలలో నున్నవి. అవి అన్నియు చెల్లునని రిజర్వు బ్యాంకు 2018 లో ప్రకటించినది. 2020 లో ఇరువది రూపాయల నాణెము వచ్చినది. 2016 నవంబరులో పెద్ద నోట్లు రద్దై క్రొత్త కొలతల నోట్లు వచ్చినందున, అంతకు ముందటి నోట్ల పెట్టెలు క్రొత్త నోట్లను నేర్పనిదే గుర్తింపలేవు. ఈ పరికరములను మార్చుటకు అగు ఖర్చును విచారింపక కొనరాదు.

అందుచేత నేడు పలువురు యు.పి.ఐ. చెల్లింపునే ఆశ్రయించుచున్నారు. ఇందొక సూక్ష్మము గలదు. దుకాణములో అంటించు మామూలు క్యూ.ఆర్. చీటీని యంత్రముమీద అంటించినచో, డబ్బు సంఘపు ఖాతాకు చేరును గాని ఆ సంగతి యంత్రమునకు తెలియదు, సరకు పడదు. ప్రతి అమ్మకమునకు వేఱు క్యూ.ఆర్. చూపి, డబ్బు వచ్చిన కబురును బోర్డునకు అందించు పరికరము కావలెను. దానికి ఫోను సంకేతము అందవలెను. యంత్రము నిలుపు చోట అది అందునో లేదో ముందే చూడవలెను. పైగా దుర్మార్గులు తమ చీటీని మన యంత్రముమీద అంటించి డబ్బు కాజేయుదురు. సరకు నింపువాడు ప్రతి దినమును దానిని పరిశీలింపవలెను.

ఇంటి దొంగను ఈశ్వరుడైనను పట్టలేడని సామెత. కావున డబ్బు పెట్టెను ఎప్పుడును ఇద్దఱు కలిసి తెరువవలెను. చాల యంత్రములందు మొత్తము అమ్మకములను తెలుపు లెక్క యుండును. ఆ లెక్కను, నింపిన సరకును, వచ్చిన సొమ్మును ఒకే పుస్తకములో వారమునకొకసారి సరిచూచినచో అనుమానములకు తావుండదు.

చట్టము, పరిశుభ్రత

తినుబండారము లమ్ముటకు 2006 నాటి ఆహార భద్రతా ప్రమాణముల చట్టము క్రింద రిజిస్ట్రేషనో లైసెన్సో పొందవలెను. పొట్లముమీద అచ్చువేసిన గరిష్ఠ ధరకు మించి అమ్మరాదు. యంత్రము ఖర్చు అను పేర ఒక్క రూపాయియు అదనముగా కూడదు. సభ్యుల ఇండ్లలో తయారగు చిక్కీలు, జంతికలు అమ్మదలచినచో వాటి పేరు, తూకము, చేసిన తేది, ధర, చేసినవారి చిరునామా, లైసెన్సు సంఖ్య పొట్లముమీద ఉండవలెను.

పాలు, పెరుగు, మజ్జిగ విషయమున మఱింత జాగ్రత్త కావలెను. అన్ని ఉమ్మడి యంత్రములును వీటికి తగినవి కావు. కొన్ని సీసా పానీయములను చల్లగా నుంచుటకే చేయబడినవి. చెడిపోవు ఆహారము కొఱకు చేసిన యంత్రములలో చల్లదనము తగ్గినప్పుడు ఆ అమ్మకమును తానే నిలిపివేయు ఏర్పాటు గలదు. అమ్మకము పోవుచున్నదని ఆ యేర్పాటును త్రిప్పివేయుట మహాపరాధము. కరెంటు గంటల తరబడి పోవు ఊళ్లలో అట్టి సరకును పెట్టకుండుటయే బుద్ధిమంతుల పని. నీటిసీసాలు, అటుకులు, వేరుసెనగలు, బెల్లపు చిక్కీలు చాలును.

పాలకవర్గమునకు విన్నపము

ఇంతవఱకు చదివిన సభ్యులు యంత్రమును కొనుమనుచున్నామా, వలదనుచున్నామా అని అడుగవచ్చును. జనసంచారము ఏడాది పొడవున నున్న చోట, లెక్క కుదిరిన చోట, పది పదునైదు మైళ్ల దూరమున పిలిచిన వచ్చు మరమ్మతుదారుడున్న చోట కొనవచ్చును. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకున్నను ఆ ధనమును విత్తనముల గిడ్డంగికో, తూనికల బాగుసేతకో వెచ్చించుట సభ్యులకు మేలు. ఊరిలో ఒక వితంతువో, అంగవికలుడో చిన్న అంగడి పెట్టుకొని జీవించుచున్నచో, ఆ అంగడి యెదుట యంత్రమును నిలిపి వారి కూడు తీయుట సహకార ధర్మము కాదు. అంగడి మూయు వేళకు మాత్రమే యంత్రమును నడుపుటయో, సరకు నింపు పనిని వారికే అప్పగించుటయో ఆలోచింపవలెను.

తీర్మానము చేయుటకు ముందు పరీక్షా పత్రమును, ఆదాయవ్యయముల అంచనాను మహాసభయందు చదివి వినిపింపవలెను. సంవత్సరమునకు తరుగుదల క్రింద కొంత మొత్తమును ప్రత్యేకించి యుంచవలెను. పాత యంత్రము ఒకనాడు ఆగక తప్పదు. ఆనాడు సంఘము వాటాధనమును ముట్టక మఱొకదానిని కొనగలిగినచో, మొదటి కొనుగోలు సవ్యముగా జరిగినదని సభ్యులు నమ్మవచ్చును.